అకస్మాత్తుగా ఆగిపోవు కంప్యూటరు: కారణము కనుగొను విధము

ఒకప్పుడు పెద్ద కార్యాలయములయందు మాత్రమే కానవచ్చుచుండిన కంప్యూటరు నేడు మన పాఠశాలలోను, మన విద్యార్థులలో అనేకుల గృహములలోను ఒక బల్లమీద స్థానము సంపాదించుకొన్నది. బాలబాలికలు తమ వ్యాసములను దానియందే వ్రాసికొనుచున్నారు. ఉపాధ్యాయులు మార్కుల పట్టికలను దానికే అప్పగించుచున్నారు. తండ్రులు దుకాణపు లెక్కలను, తల్లులు దూరదేశములందున్న బిడ్డలు పంపిన ఛాయాపటములను దానియందే దాచుకొనుచున్నారు. ఇంతటి నమ్మకమును పొందిన యంత్రము, పని నడుచుచుండగా ఒక్క మాటయైనను చెప్పక దీపమారినట్లు ఆరిపోయినయెడల కలుగు కష్టము అనుభవించినవారికే తెలియును.

అట్టి సమయమున మన యిండ్లలో సాధారణముగా మూడు పనులు జరుగుచుండును. మొదటిది, కడపట దానిముందు కూర్చుండిన పిల్లవానిని దండించుట. రెండవది, వెంటనే బాగుచేయువానిని పిలిపించి, పరీక్ష యేమియు లేకయే విలువగల భాగమునొకదానిని మార్పించుట. మూడవది, దాని గుణమే యంతయని సరిపెట్టుకొని, ఆగినప్పుడెల్ల మరల మీట నొక్కుచు కాలము గడుపుట. ఈ మూడింటిలో మొదటిది అన్యాయము, రెండవది వృథావ్యయము, మూడవది అపాయకరము.

మేము ఈ వ్యాసమునందు చెప్పదలచినది ఒక్కటే. కంప్యూటరు కారణము లేక ఆగదు. ఆ కారణము పెక్కుసారులు పెట్టెలోపల గాక పెట్టె వెలుపలనే యుండును. లోపలనున్నను, యంత్రము అనేక పర్యాయములు చెడిపోయి ఆగుట లేదు. చెడిపోకుండ తన్ను కాపాడుకొనుటకే ఆగుచున్నది. కావున ఆగినందుకు కోపపడక, అది దేనిని సూచించుచున్నదో వరుసగా విచారింపవలెను. ఈ విచారణలో సగము పనిని ఎనిమిదవ తరగతి విద్యార్థియైనను పెద్దల యెదుట తానే చేయగలడు.

మొదట చేయవలసిన పని

పరీక్షకు పూర్వము యంత్రములోనున్న ముఖ్యమైన వ్రాతలకు వేరొకచోట నకళ్లు తీసి యుంచుకొనవలెను. మనము టైపు చేయుచున్న అక్షరములు మొదట ర్యాము అను తాత్కాలిక స్మృతిలో నుండును. విద్యుత్తు పోయిన క్షణముననే ఆ స్మృతి శూన్యమగును. భద్రపరచుమని ఆజ్ఞ యిచ్చినపుడే ఆ యక్షరములు డిస్కులోనికి చేరును. డిస్కులో వ్రాయుచున్న క్షణముననే విద్యుత్తు పోయినయెడల, ఆ ఫైలు సగము చింపిన ఉత్తరమువలె పనికిరానిది కావచ్చును. నేటి విండోసు, లినక్సు మొదలగువాని డిస్కు ఏర్పాటులు తమ పట్టికలను తాము చక్కబరచుకొనగలవు గాని, మనము వ్రాయని వాక్యములను అవి వ్రాసి యియ్యజాలవు. ఒక్కసారి అకారణముగా ఆగిన యంత్రము రెండవసారి ఆగుట కెదురుచూచుచున్నదని తలచి, వెంటనే నకలు తీయుట వివేకము. కారణము తేలువరకు పరీక్షల మార్కులు, పద్దుపుస్తకములు మొదలగువానిని ఆ యంత్రమునకు అప్పగింపరాదు.

ఆగుటయందలి భేదములు

జ్వరమని వచ్చిన రోగిని వైద్యుడు మొదట ప్రశ్నలడుగును. జ్వరము చలితో వచ్చినదా, సాయంకాలము మాత్రమే వచ్చుచున్నదా యని తెలిసికొనిన పిదపనే మందు మాట యెత్తును. కంప్యూటరు ఆగినదన్న మాటయు అట్టిదే. ఆ యొక్క మాటలో నాలుగు వేరువేరు సంగతులు దాగియున్నవి.

కొన్ని పర్యాయములు యంత్రము నిజముగా ఆగదు, నిద్రించును. కొంతసేపు ఎవరును మీటలు తాకనియెడల తెర చీకటియగుట దాని ఏర్పాటు. పెట్టెమీది చిన్న దీపము మినుకుమినుకుమనుచుండుటయో, రంగు మారియుండుటయో కనబడి, ఒక మీట నొక్కగనే పని విడిచినచోటనే తెర వెలిగినయెడల, అది నిద్రయే గాని రోగము కాదు.

రెండవ విధము క్రమముగా ఆగుట. తెరమీద ఆగుచున్నానని వ్రాసి, తెరచియున్న పనులను మూసి ఆగినచో, ఎవరో దానికి ఆజ్ఞ యిచ్చిరన్నమాట. ఆజ్ఞ యిచ్చినది నూతన సవరణలను చేర్చుకొను విండోసే కావచ్చును. ఇతర కార్యక్రమము కావచ్చును. అన్ని దోషములను వైరసుమీదికి నెట్టు అలవాటు మనలో కలదు. దానికి పూర్వకథయు లేకపోలేదు. 2003 ఆగస్టులో బ్లాస్టరు అను పురుగు లోకమంతట వ్యాపించి, విండోసు యంత్రములను ఆగి మరల మొదలగునట్లు చేసెను. అయినను అదియు తెరమీద 60 సెకన్ల గడువు చూపిన తరువాతనే ఆపుచుండెడిది. మాటామంతీ లేక ఆరిపోవు యంత్రమునందు వైరసును మొదట శంకించుట సాధారణముగా సరికాదు.

మూడవది, నీలపు తెరయొకటి క్షణకాలము మెరసి, యంత్రము తానే మరల ప్రారంభమగుట. అప్పుడు విద్యుత్తు నిలిచియేయున్నది. లోపలి కార్యక్రమమో, స్మృతియో తడబడినది. నాలుగవది, తెరయు, పంకాలును, దీపములును ఒక్కమారుగా ఆరిపోవుట. ఇట్టిచో విద్యుత్తు అందకపోవుటనో, వేడిమి మితిమీరుటనో ముందుగా శంకింపవలెను. ఈ వ్యాసమునందు మేము విశేషముగా విచారించునది ఈ నాలుగవదానినే.

వ్రాసి యుంచుట

1947 సెప్టెంబరు 9వ తేదీన అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమందు మార్క్ 2 అను గణనయంత్రము సరిగా పనిచేయకుండెను. పరీక్షించినవారికి దాని రిలే యొకదానిలో చిక్కుకొన్న రెక్కలపురుగొకటి కనబడెను. వారు దానిని ఊదివేసి ఊరకుండక, తమ దినచర్య పుస్తకములో అంటించి, గడియారపు వేళతోకూడ వివరము వ్రాసిరి. ఆ పుస్తకము నేటికిని వాషింగ్టనులోని స్మిత్సోనియను సంస్థవారి వద్ద భద్రముగా నున్నది. ఆ పురుగుకంటె వారి వ్రాత మనకు ఎక్కువగా ఉపయోగించును.

యంత్రము ఆగినప్పుడెల్ల ఒక నోటుపుస్తకములో నాలుగు సంగతులు వ్రాయవలెను. ఎన్ని గంటలకు ఆగినది? మీట నొక్కిన యెంతసేపటికి ఆగినది? ఆ సమయమున ఏ పని నడుచుచున్నది? ఇంటిలో మరియేమి జరుగుచున్నది? ఈ కడపటి ప్రశ్న విచిత్రముగా తోచవచ్చును. అయితే బోరు మోటారు వేసినప్పుడెల్ల యంత్రము ఆగుచున్నదని ఐదు రోజుల వ్రాత చూపినయెడల, ఆ యొక్క పంక్తి ఎన్నో పరీక్షల శ్రమను తప్పించును. మధ్యాహ్నములయందే ఆగినచో వేడిమిని, ఆటలాడునపుడే ఆగినచో వేడిమినో విద్యుత్పేటికనో, బల్ల కదలినపుడే ఆగినచో వదులైన తీగను శంకింపవచ్చును.

యంత్రమునకును తన సొంత దినచర్య కలదు. విండోసునందు స్టార్టు గుర్తుమీద మౌసు కుడిమీటను నొక్కినచో వచ్చు పట్టికలో ఈవెంట్ వ్యూయర్ అను పేరు కనబడును. దానిలో విండోస్ లాగ్స్ అనుదానిక్రింద సిస్టమ్ అను విభాగమును తెరచి, ఆగిన వేళకు సరిపడు పంక్తులను చూడవలెను. 1074 అను సంఖ్య యున్నచో, ఏదో కార్యక్రమమో మనుష్యుడో ఆజ్ఞ యిచ్చి ఆపినట్లు. 6008 అని యున్నచో, వెనుకటి ఆగుట అనుకోనిదని అర్థము. కెర్నల్ పవర్ అను పేరుతో 41 అని యున్నచో, యంత్రము క్రమముగా ఆగకుండగనే మరల ప్రారంభింపబడినదని అర్థము. ఈ 41ని చూచి, అదే కారణమని భ్రమపడువారు పెక్కుమంది. అది కారణము కాదు. లేచిన తరువాత యంత్రము తాను పడిపోయితినని వ్రాసికొన్న మాట మాత్రమే. ఎందుకు పడినదో దానికిని తెలియదు. ఆ పని మనది.

గోడనుండి పెట్టెవరకు

విచారణ యెల్లప్పుడును గోడనుండి ప్రారంభింపవలెను. ఏలయనగా అచ్చట చూచుటకు ధనము అక్కరలేదు. పెట్టె తెరువను అక్కరలేదు. మన దేశమున ఇండ్లకు వచ్చు విద్యుత్తు 230 వోల్టులు. అది సాకెట్టునుండి ప్లగ్గులోనికి, అచ్చటనుండి ఎక్స్‌టెన్షను బోర్డుకును, యు.పి.యస్.కును, తుదకు నల్లని తీగద్వారా పెట్టె వెనుకకును చేరును. ఈ మార్గములో ప్రతి కలయికయు ఒక అనుమానస్థానమే.

సాకెట్టులోని ఇత్తడి పట్లు సంవత్సరములు గడచుకొలది వదులగును. పట్టు వదులైనచోట నిప్పురవ్వలు పుట్టి, ప్లగ్గు కాళ్లు నల్లబడును. ప్లగ్గు పట్టుకొన్న చేతికి వేడి తగులుట, చిటపటమను ధ్వని వినబడుట, కాలిన వాసన వచ్చుట కలిగినచో, వెంటనే మెయిను మీటను ఆపి, విద్యుత్పనివానిని పిలువవలెనేగాని, ఇక పరీక్షలు చేయరాదు. పెట్టె వెనుక దూర్చు తీగ చివరయు కొన్నిసారులు లోనికి పూర్తిగా పోక, పైకి పోయినట్లే కనబడుచుండును. దానిని తీసి మరల గట్టిగా దూర్చుట అన్నింటికంటె సులభమైన చికిత్స. పెక్కుసారులు అదియే చాలును.

ఇట్టి విచారణకు మంచి సాధనము తావు మార్చి చూచుట. మా కంప్యూటరు గదిలో ఒక యంత్రము వారమునకు మూడు నాలుగు మారులు ఆరిపోవుచుండెను. దానిముందు కూర్చుండు చిన్నతరగతి బాలుడే దానిని పాడుచేసెనని తోడివారు నిశ్చయించి, అతనిని మరియే యంత్రమునొద్దకును రానీయకుండిరి. ఆ పిల్లవాడును తన తప్పు లేదని చెప్పుకొనుట మానివేసెను. మేము ఆ యంత్రమును గది రెండవ ప్రక్కకు మార్పించి, అచ్చటి యంత్రమును ఈ తావునకు తెప్పించి, ఇద్దరు విద్యార్థులచే నోటుపుస్తకములో వ్రాయించుచుంటిమి. పది దినములలో ఆరిపోయినది కొత్తగా వచ్చిన యంత్రమే. పాతది ఒక్కసారియైనను ఆగలేదు. దోషము యంత్రముతో పోలేదు, తావునందే నిలిచినది. అచ్చటి సాకెట్టును విప్పించి చూడగా, దాని పట్లు రెండును సడలి, వెనుక బల్ల తీగకు తగిలినప్పుడెల్ల విడిపోవుచున్నవని తేలినది. కొత్త సాకెట్టు వేయించినతోడనే ఇరువైపుల యంత్రములును చక్కగా పనిచేసినవి. తోడివారిలో కొందరు ఆ బాలునియొద్దకు పోయి క్షమాపణ చెప్పిరి.

యు.పి.యస్.ను గురించి కొంత విపులముగా తెలిసికొనవలెను. కరెంటు పోయినపుడు తన బ్యాటరీనుండి విద్యుత్తునిచ్చి, పనిని భద్రపరచుటకు కొన్ని నిమిషముల వ్యవధి కలిగించుట దాని ధర్మము. దానిలోని సీసపు బ్యాటరీ సాధారణముగా మూడునుండి ఐదు సంవత్సరములు మాత్రమే పనిచేయును. వేడిగదులలో ఇంకను త్వరగా క్షీణించును. బ్యాటరీ క్షీణించిన యు.పి.యస్. పైకి దీపము వెలుగుచునే యుండును గాని, కరెంటు పోయిన క్షణముననే తానును ఆరిపోవును. అప్పుడు దోషము కంప్యూటరుదని తోచును. పనులన్నియు భద్రపరచి మూసి, గోడమీట నాపి, కంప్యూటరు నిలుచునో లేదో చూచుటయే దీనికి పరీక్ష. రెండవ సంగతి బరువు. 600 వి.ఏ. అని వ్రాసియుండు సామాన్యపు యు.పి.యస్.లు నిజముగా భరించునది 360 వాట్ల ప్రాంతము. లేజరు ప్రింటరు కాగితమును వేడిచేయునపుడు ఒక్కమారుగా దీనికి మించిన విద్యుత్తును లాగుకొనును. కావున దానిని యు.పి.యస్.కు తగిలింపరాదు.

యు.పి.యస్. లేని యిండ్లలో, మోటారో, రిఫ్రిజిరేటరో ప్రారంభమగునపుడు దీపములు ఒక్కక్షణము మందగించుట అందరును చూచినదే. మంచి విద్యుత్పేటిక తనలో నిలువయున్న విద్యుత్తుతో సుమారు 16 మిల్లీసెకన్లు కంప్యూటరును నిలువబెట్టగలదు. మన కరెంటు సెకనుకు 50 ఆవర్తనములు చేయుచున్నది గనుక, ఒక ఆవర్తనము 20 మిల్లీసెకన్లు. అనగా ఒక ఆవర్తనమునకంటె తక్కువ కాలము మాత్రమే అది ఓర్చుకొనగలదు. కంటికి దీపము మినుకుమన్నట్లు కనబడిన మాత్రమున కంప్యూటరు ఆగుటలో వింతయేమియు లేదు.

వేడిమి

వెలుపల దోషము లేదని తేలిన పిమ్మట శంకింపవలసినది వేడిమిని. ప్రాసెసరను గణనఖండము తపాలాబిళ్ల పరిమాణమున కొంచె మించినదే. అయినను సామాన్యపు డెస్క్‌టాపులలో అది నిండుపనిలో 65 వాట్లును అంతకు మించియు విద్యుత్తును వాడి, దానినంతయు వేడిమిగా మార్చును. పాతకాలపు 60 వాట్ల దీపపుబుడ్డిని చేతితో తాకినవారికి ఆ వేడి యెట్టిదో తెలియును. ఆ వేడినంతయు చిన్న బిళ్లనుండి క్షణక్షణము తొలగింపనియెడల అది కాలిపోవును.

దీనికి మూడు ఏర్పాటులు గలవు. ప్రాసెసరుమీద అల్యూమినియపు రేకులు గల దిమ్మ యొకటి కూర్చుండును. ఆ రేకుల నడుమ గాలిని త్రోయుటకు పంకా యొకటి తిరుగును. దిమ్మకును ప్రాసెసరునకును నడుమ సన్నని లేపనము పూయబడియుండును. కంటికి నునుపుగా కనబడు రెండు లోహములను ఒకదానిపై నొకటి యుంచినను, వాని నడుమ సూక్ష్మమైన గాలిసందులు మిగులును. గాలి వేడిమిని మోయుటలో బహుమందమైనది. ఆ సందులను నింపి వేడిమికి దారి కల్పించుటయే లేపనము చేయు పని.

ఇప్పుడు లెక్క చూతము. ఒక యంత్రముయొక్క ప్రాసెసరు నిండుపనిలో గదికంటె 50 డిగ్రీలు ఎక్కువ వేడెక్కుననుకొందము. డిసెంబరులో గది 25 డిగ్రీలైనచో అది 75 వద్ద నిలుచును. రెంటచింతలలోనో, రామగుండములోనో మే నెలయందు గది 42 డిగ్రీలైనచో అదే యంత్రము 92 డిగ్రీలకు చేరును. దుమ్ము పట్టుటచేత గదికిని ప్రాసెసరునకును గల భేదము 60 డిగ్రీలైనదనుకొందము. చలికాలమున 85, ఎవరికిని ఏమియు తెలియదు. ఎండకాలమున 102. నేటి ప్రాసెసర్లలో పెక్కు 95, 100 డిగ్రీల ప్రాంతమున మొదట తమ వేగమును తామే తగ్గించుకొనును. అయినను వేడి తగ్గనియెడల, కాలిపోవుటకంటె ఆరిపోవుట మేలని యంత్రమును ఆపివేయును. క్రిస్మసు సెలవులలో బాగుగానున్న యంత్రము వేసవి సెలవులలో ఆగిపోవుటకు ఇదియే తరచుగా కారణము. ఆగుటకు ముందు యంత్రము నెమ్మదించుటయు, పంకా గట్టిగా రొదచేయుటయు వేడిమికి గురుతులు. ఆగిన వెంటనే మీట నొక్కినచో త్వరలోనే మరల ఆగి, అరగంట విశ్రాంతి యిచ్చినచో మునుపటికంటె ఎక్కువసేపు పనిచేయుటయు అట్టి గురుతే.

పెట్టెకు గాలి యాడకుండ చేయు అలవాటులు మన యిండ్లలో అనేకములు. బల్ల అరలో పెట్టెను దూర్చి తలుపు వేయుట, గోడకు ఆనించి నిలుపుట, దుమ్ము పడకుండునట్లు కుట్టుపని చేసిన గుడ్డ కప్పి ఆ గుడ్డ తీయకయే నడుపుట కొన్ని. గుడ్డ కప్పుట ప్రేమచేతనే గాని, నడుచుచున్న యంత్రమునకు అది ఎండలో కంబళి కప్పుటవంటిది. పెట్టెకు అన్నివైపుల అరడుగు మేరయైనను ఖాళీ యుండవలెను. వెనుక పంకాయొద్ద చేయి యుంచినచో గాలి తగులుచున్నదో లేదో చూడవలెను.

దుమ్ము తీయుటకు గోడమీట నాపి, ప్లగ్గు పెరికి, కొంతసేపు ఆగి, పెద్దల యెదుట ప్రక్కపలకను విప్పవలెను. లోపలి లోహపు చట్రమును ఒకసారి తాకిన తరువాత పని ప్రారంభించినయెడల, మన దేహమునందలి స్థిరవిద్యుత్తువలన చిప్పులకు హాని కలుగకుండును. మెత్తని కుంచెతోను, గాలి ఊదు బ్లోయరుతోను రేకులనడుమ దుమ్మును తీయవలెను. గాలి కొట్టునపుడు పంకా రెక్కను వ్రేలితో పట్టియుంచవలెను. లేనిచో అది మితిమీరిన వేగముతో తిరిగి చెడును. తడిగుడ్డ వాడరాదు. లోపల చీమలపుట్టయో, చచ్చిన బల్లియో కనబడుట అరుదు కాదు. ఎండిపోయిన లేపనమును తీసి కొత్తది వేయుట, దిమ్మను మరల సమముగా బిగించుట పనితెలిసినవారు చేయవలసినవి. లేపనము ఎక్కువైనచో మేలు ఎక్కువ కాదు. ఒక బఠాణీగింజంత చాలును.

విద్యుత్పేటిక

వెలుపల చక్కగానున్నది, లోపల చల్లగానున్నది, అయినను ఆగుచున్నది, అట్లయినచో యస్.యం.పి.యస్. అను విద్యుత్పేటికను విచారింపవలెను. 230 వోల్టుల తిరుగు కరెంటును 12, 5, 3.3 వోల్టుల నేరు కరెంటుగా మార్చి యంత్రమునకు అందించునది ఇదియే. కొన్ని సంవత్సరముల వేడిమిచేత దీని కెపాసిటర్లు బలహీనమగును. తేలికపనిలో సరిగానుండి, ఆటలాడునపుడో చలనచిత్రములను కూర్చునపుడో ఎక్కువ విద్యుత్తు కావలసివచ్చినచో చేతులెత్తివేయుట దాని లక్షణము. తరువాత కొని తగిలించిన పెద్ద గ్రాఫిక్సు కార్డునకు పాతపేటిక చాలకపోవుటయు కలదు.

పెట్టె తెరువక చేయదగిన పరీక్ష యొకటి యున్నది. యంత్రము ప్రారంభమగునపుడు డిలీటు మీటనో, ఎఫ్ 2 మీటనో నొక్కినచో, అనేక యంత్రములలో బయోసు అను ఏర్పాటుల పుట తెరచుకొనును. అందు ప్రాసెసరు వేడిమి, పంకా వేగము, వోల్టులు వ్రాసియుండును. 12 వోల్టులు 11.4కును 12.6కును నడుమను, 5 వోల్టులు 4.75కును 5.25కును నడుమను ఉండవలెను. ఈ పుటయందే యంత్రమును గంటసేపు నిలిపి చూచిన మరియొక ఫలితము కలదు. ఇచ్చట విండోసు ఇంకను మేలుకొనలేదు. ఇచ్చటనే యంత్రము ఆరిపోయినచో దోషము విండోసుదియు కాదు, వైరసుదియు కాదు. విద్యుత్తుదో, వేడిమిదో, పలకలదో యని తేలును. విండోసును చెరిపి మరల వేయుటకై వెచ్చింపబోవు ధనము మిగులును. ఇచ్చట ఆగనంత మాత్రమున యంత్రము నిర్దోషియని మాత్రము చెప్పరాదు. ఈ పుటయందు పని తేలికయైనది.

విద్యార్థులు ఒక్క ఆజ్ఞను మాత్రము మరువరాదు. విద్యుత్పేటికను ఎన్నడును విప్పరాదు. 230 వోల్టుల తిరుగు కరెంటుయొక్క శిఖరము, 230ని 1.414చే హెచ్చించినచో, 325 వోల్టులు. పేటికలోని పెద్ద కెపాసిటరు ఆ మేరకు నిండి, ప్లగ్గు పెరికిన తరువాతను కొంతకాలము ఆ విద్యుత్తును పట్టియుంచవచ్చును. ప్రాణముతీయుటకు అది చాలును. పేటిక చెడినదని తోచినచో, మంచిదని తెలిసిన వేరొక పేటికను తగిలించి చూడుమని పనివానిని కోరవలెను.

మిగిలిన కారణములు

మీట నొక్కిన నాలుగైదు సెకన్లలోనే ప్రతిమారును ఆగినయెడల మీటనే పరీక్షింపవలెను. ఆ మీటను నాలుగు సెకన్లు అదిమిపట్టినచో యంత్రము బలవంతముగా ఆగునట్లు ఏర్పాటున్నది. జిగటపట్టిన మీట లోనికి పోయి వెలుపలికి రానియెడల, ఎవరో అదిమిపట్టినట్లే యంత్రము తలచును. మీట బాగుగనే యున్నచో, దిమ్మ వదులగుటనో, లోపల ఎచ్చటనో తీగలు తాకుటనో విచారింపవలెను.

నీలపు తెర వచ్చి మరల ప్రారంభమగు యంత్రములయందు ర్యామును పరీక్షింపవలెను. విండోసునందే విండోస్ మెమరీ డయాగ్నస్టిక్ అను పరీక్ష కలదు. రెండు ర్యాముపలకలున్నచో ఒక్కొక్కదానిని విడిగా ఉంచి చూచుట మంచిది. నీలపు తెరమీది పేరును చదువుటకు వ్యవధి లేక అది మాయమగుచున్నచో, విండోసు ఏర్పాటులలో తానే మరల ప్రారంభమగు ఆజ్ఞను తీసివేసినచో తెర నిలుచును. మదర్‌బోర్డుమీది చిన్న డబ్బాలవంటి కెపాసిటర్ల తలలు చదునుగా నుండవలెను. అవి ఉబ్బియో, కారియో యున్నచో బోర్డునకు మరమ్మతు కావలెను. 2000వ సంవత్సరము తరువాత కొన్నియేండ్లలో తయారైన బోర్డులలో ఈ దోషము లోకప్రసిద్ధమయ్యెను.

పనివాని యొద్దకు పోవునపుడు

ఇంత విచారించినను కారణము తేలనపుడు పనివాని సహాయము కోరుట తప్పదు. అప్పుడు కంప్యూటరు ఆగుచున్నదని మాత్రము చెప్పుట చాలదు. నోటుపుస్తకమును చూపవలెను. వేరు సాకెట్టునందును ఆగినది, యు.పి.యస్. తీసినను ఆగినది, బయోసు పుటలో ఇరువది నిమిషములకు ఆగినది, అప్పుడు వేడిమి 60 డిగ్రీలే యున్నది అని నాలుగు మాటలు చెప్పగలిగినచో, నిజాయితీగల పనివాని శ్రమ సగమగును; అట్టివాడు కానివానికి అక్కరలేని భాగము నంటగట్టుటకు సందుండదు. మార్చిన పాతభాగమును తిరిగి యిమ్మని అడుగుటయు మంచిదే.

ఈ విచారణలన్నింటిలోను ఒక నియమము తప్పరాదు. ఒక్కసారికి ఒక్కటే మార్పవలెను. సాకెట్టు మార్చి, దుమ్ము దులిపి, ర్యాము తీసి, విండోసు మరల వేసి, అన్నియు ఒక్కదినముననే చేసినచో యంత్రము బాగుపడవచ్చును గాని, ఏది బాగుచేసినదో తెలియదు. దోషము తిరిగి వచ్చిననాడు మరల మొదటినుండి వెదకవలసియుండును. ఒకటి మార్చి, కొన్నిదినములు చూచి, వ్రాసికొని, తరువాత రెండవదానికి పోవుట మందముగా కనబడినను అదియే దగ్గరిదారి.

తలిదండ్రులకు మా మనవి యొక్కటి. యంత్రము ఆగినపుడు దానిముందు ఎవరు కూర్చుండిరని అడుగుటకు ముందు, ఏమి జరిగెనని అడుగుడు. నింద పడునని భయపడిన పిల్లవాడు తాను చూచినదానిని దాచును. వాడు చూచినదియే అనేక పర్యాయములు కారణమును తెలుపు మొదటి సాక్ష్యమై యుండును. విద్యార్థులారా, మీ సైన్సు పుస్తకములో పరిశీలనము, ఊహ, పరీక్ష, నిర్ణయము అని మీరు కంఠస్థము చేయుచున్న నాలుగు మాటలకు మీ యింటి బల్లమీదనే పని దొరకినది. ఈ వేసవి రాకముందే మీ యంత్రముయొక్క ప్లగ్గును, గాలిదారిని, యు.పి.యస్.ను చూచి, ఒక నోటుపుస్తకమును దానిప్రక్కన నుంచుడు.